వెంచర్ క్యాపిటల్‌లోకి: ఎంబీఏ దారా, పలాస దారా?

పలాసలో మా తమ్ముడు అడిగాడు: "అన్నా, వెంచర్ క్యాపిటల్‌లోకి వెళ్లాలంటే ఎంబీఏ చెయ్యాలా, నాన్న జీడి ఫ్యాక్టరీలోనే ఉండి ప్రయత్నించొచ్చా?"

వెంచర్ క్యాపిటల్ అంటే మదుపరుల డబ్బుని ఒక ఫండ్‌గా పోగుచేసి, స్టార్టప్‌లలో వాటా కోసం పెట్టే పని. అందులోకి ఎంబీఏ దారి తెలిసిందే. పెద్ద కాలేజీ, కన్సల్టింగో బ్యాంకింగో, తర్వాత ఫండ్‌లో అనలిస్టు. పరిచయాలు వస్తాయి, లక్షల్లో అప్పూ వస్తుంది.

నా మొగ్గు రెండోదానికే. 80 కిలోల పిక్కల బస్తాకి పప్పు ఎంత దిగుతుందో, డబ్ల్యూ 320 అనే విరగని పప్పు గ్రేడుకీ బద్దకీ ధరలో తేడా ఎంతో, సరుకు పంపాక డబ్బు చేతికొచ్చేదాకా కూలీలకు ఎలా సర్దాలో తెలిసినవాడు ఆహార స్టార్టప్ లెక్కల్లో డొల్లతనం ఇట్టే పట్టేస్తాడు. వేరే పని చేసి ఇటు వచ్చినవాళ్లున్నారు: మైకేల్ మోరిట్జ్ ఎంబీఏ చదివినా, ముందు టైమ్ పత్రికలో విలేకరి. 1986లో సెకోయా అనే అమెరికా వెంచర్ క్యాపిటల్ సంస్థలో చేరాడు, 1999లో గూగుల్‌లో ఆ సంస్థ పెట్టుబడిని నడిపించాడు.

అయితే ఈ దారిలో ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. సొంత ఫండ్ పెట్టాలంటే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012 నిబంధనలున్నాయి, మామూలుగా ఒక్కో మదుపరి కనీసం కోటి రూపాయలు పెట్టాలి. కాబట్టి ముందు ఎవరి ఫండ్‌లోనైనా చేరాలి. అందుకు చేతిలో చూపించడానికి పని ఉండాలి.

రెండేళ్లు ఫ్యాక్టరీలోనే ఉండమన్నాను. నెలకో కంపెనీని చదివి, డబ్బు పెడతాడో లేదో, ఎందుకో రెండు పేజీలు రాసి నాకు పంపమన్నాను.