వెల్డరా, ఎలక్ట్రీషియనా: విశాఖ అమ్మాయికి ఏ ట్రేడ్?

ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు రెండేళ్లు, వెల్డర్‌కు ఏడాది. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊళ్లో మా ఓటు వెల్డర్‌కే. కానీ ఉత్త సర్టిఫికెట్‌తో మంచి జీతం రాదు. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపును చుట్టూ అతికే 6జీ పరీక్ష నెగ్గాలి. అతుకులో మొదటి వరస టిగ్‌తో (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్), పై వరసలు 7018 రకం వెల్డింగ్ రాడ్లతో. సముద్రపు గాలికి రాడ్లు చెమ్మ పడతాయి. ఓవెన్‌లో సుమారు 300 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టకపోతే అతుకులో బుడగలు, పగుళ్లు వస్తాయి, ఎక్స్‌రేలో దొరికిపోతాయి. మగవాళ్ల సైజు గ్లౌజుల్లో వెల్డింగ్ టార్చి పట్టు కుదరదు. చేతికి సరిపోయేవే అడగాలి, అది గొంతెమ్మ కోరిక కాదు.

ఎలక్ట్రీషియన్‌కు పొగ, సెగ తక్కువ. అయితే మెయింటెనెన్స్ అంటే షిఫ్టులే. రాత్రి షిఫ్టుకు ఒప్పుకునే ముందు ఇంటికి దింపే బండి సంగతి కాగితం మీద రాయించుకోవాలి.