కిలో బత్తాయిలు అంగారకుడి మీద ఎంత తూగుతాయి? పిల్లలతో నౌబత్ పహాడ్

గ్రహాల మీద పిల్లలకి ఆసక్తి పుట్టాలంటే హైదరాబాద్‌లో మొదట తీసుకెళ్లాల్సింది నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటోరియానికే. 1985 నుంచి నడుస్తోంది. తెలుగు షో ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్లండి, చిన్నపిల్లలకి ఆ తేడా చాలా ఉంటుంది. గుమ్మటం నిండా చుక్కలు పరుచుకున్నంతసేపూ మా పాప నా చెయ్యి వదల్లేదు.

పక్కనే డైనోసారియం. మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడుంది. దాని ముందు నిలబడే పాప అడిగింది: "నాన్నా, ఇది చంద్రుడి మీదుంటే ఎంత బరువుండేది?" ఆరో వంతు అన్నాను. "అంటే చిక్కిపోతుందా?" అసలు విషయం అక్కడుంది. ఎముకలో పదార్థం రవ్వంత కూడా తగ్గదు, లాగే బలమే తగ్గుతుంది.

సాయంత్రం నాంపల్లిలో బత్తాయిల బండి దగ్గర ఇది ఇంకా బాగా అర్థమైంది. బండాయన దగ్గర పాత తక్కెడ, పక్క బండి మీద ఎలక్ట్రానిక్ కాటా. రెండూ అంగారకుడి మీద పెడితే కాటా కిలో పళ్లకి సుమారు 380 గ్రాములే చూపిస్తుంది. తక్కెడలో మాత్రం ముల్లు కదలదు, పళ్లతోపాటు కిలో రాయి కూడా అంతే తేలికవుతుంది కదా! పాప ఆ ముల్లు వంకే చూస్తూ నిలబడిపోయింది. శని సంగతి ఇంకా వింత. భూమికి 95 రెట్ల ద్రవ్యరాశి ఉన్నా, దాని మేఘాల పైఅంచున మన బరువు ఇంచుమించు ఇక్కడున్నంతే. గ్రహం అంత ఉబ్బి ఉంది, కేంద్రం అంత దూరం. గురుడి దగ్గరైతే రెండున్నర రెట్లు.

బస విషయానికొస్తే, నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జీలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా హారన్ల మోత. పిల్లలుంటే లక్డీకాపూల్ వైపు లోపలి వీధుల్లో చూసుకోవడం మేలు. అసెంబ్లీ మెట్రోలో దిగితే కొండ దగ్గరే, పెద్దవాళ్లుంటే ఆటో పైదాకా మాట్లాడుకోండి. అదే కొండ మీదున్న బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కాబట్టి ఫొటోలన్నీ ముందే తీసేసుకోండి.