ఆఫీసు కాఫీకి స్టీలు ఫిల్టరు: నలుగురికి భేషుగ్గా సరిపోతుంది, పాలతోనే పేచీ

నలుగురైదుగురున్న ఆఫీసుకి బటన్ నొక్కితే కాఫీ పోసే మెషీన్ కన్నా మామూలు స్టీలు ఫిల్టరే మేలు. పాలపొడి, చక్కెర ముందే కలిపిన ప్యాకెట్లతో నడిచే మెషీన్లలో తీపి తగ్గించుకునే వీలుండదు. ఫిల్టరుకైతే పక్కన నీళ్ళు కాచే కెటిల్ ఒక్కటి చాలు.

కొనేటప్పుడు పైగిన్నెను వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. చిల్లులు సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. పెద్దవైతే పొడి దిగి కప్పు అడుగున మడ్డి పేరుకుంటుంది. పైగిన్నె మరీ బిగుతుగా కూర్చున్నా చిక్కే: కింది గిన్నెలో గాలి బయటికి పోక డికాషన్ దిగడం ఆగిపోతుంది. అలా ఆగితే పైగిన్నెను కాస్త ఎత్తి మళ్ళీ పెట్టండి.

నాలుగు కప్పులకి 30 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్ళు. పొడి 60 దాకా పీల్చుకోగా 140 డికాషన్ వస్తుంది. కప్పుకి 35, దాని మీద 100 పాలు. నూటికి 20 పాళ్ళు చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి) కలిసిన పొడి చిక్కదనానికి చాలు. చికోరీ పెరిగేకొద్దీ డికాషన్ నెమ్మదిగా దిగుతుంది. కాడ ఉన్న బిళ్ళతో పొడిని సమంగా సర్దండి, అంతే. గట్టిగా అదిమితే చుక్క కూడా దిగదు. ముందు రెండు చెంచాల వేడినీళ్ళు చల్లి, పొడి ఉబ్బాక అర నిమిషానికి మిగతావి పోయండి. తొమ్మిదిన్నరకి పోస్తే పదింటికి సిద్ధం.

ఇక పాలు. నీళ్ళ కెటిల్‌లో మాత్రం కాచకండి. అది ఆవిరి తగిలితేనే ఆగుతుంది. ఆలోపే పాలు పొంగిపోతాయి, అడుగున మాడతాయి. చిన్న ఇండక్షన్ పొయ్యి, గిన్నె ఉండాల్సిందే. టీకి కూడా అవే పనికొస్తాయి. డికాషన్ చల్లారితే మళ్ళీ కాచవద్దు, చేదెక్కుతుంది. పొగలు కక్కే పాలు పోస్తే సరి.

తడిపిప్పిని సాయంత్రం దాకా ఉంచితే ఎండి చిల్లులకి పట్టేస్తుంది. చెత్తబుట్టలోనే దులపండి, సింకులో పోస్తే పైపు పూడుకుంటుంది.

ఒక్కరే తాగేవాళ్ళు పెద్దది కొనొద్దు: పొడి పలచగా పరుచుకుని, నీళ్ళు రుచి పట్టకుండానే జారిపోతాయి.