పేరు లేని వెల్డింగ్ మిషన్‌తో ఆరేళ్లు

అవనిగడ్డ దగ్గర మా పెదనాన్నగారి షెడ్డులో, పాత గోనెసంచుల కింద ఈ వెల్డింగ్ మిషన్ ఆరేళ్ల క్రితం నా కంటపడింది. ఇనుప యాంగిళ్లతో బిగించిన చట్రం, కింద నాలుగు బేరింగు చక్రాలు, పైన నల్లని బేకలైటు పలక, దాని మీద ఆరు ఇత్తడి బోల్టులు. ఏ కంపెనీదో తెలియదు, ఎన్ని వోల్టులో రాసి లేదు. కరెంటు ఇవ్వవలసిన వైపు మూడు కొసలున్నాయి, ఏది దేనికో గుర్తులు లేవు. బరువు ఎనభై కిలోల పైమాటే. అప్పటి నుంచి దీనితో దమ్ము చక్రాలు, ట్రక్కు చట్రాలు, కల్టివేటర్లు ఎన్నో వెల్డింగ్ చేశాను. ఇలాంటిది మీ ఇంట్లో మూలపడి ఉంటే పాత ఇనుము కింద అమ్మకండి. అలాగని తెచ్చి నేరుగా కరెంటూ ఇవ్వకండి.

దుమ్ము దులుపుతుంటే వైండింగుకూ (చుట్టిన తీగకూ) కోరుకూ (ఆ తీగ చుట్టిన ఇనుప దిమ్మెకూ) మధ్య మడిచి దోపిన కాలెండరు కాగితం బయటపడింది. 1978 మే నెల. పెద్దమ్మకు చూపించాను. "ఉప్పెన వెళ్లిన మరుసటి ఏడాది మీ పెదనాన్న చుట్టుకున్నది నాయనా. కాలిపోయిన స్తంభం ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పాత ఇనుములో కొనుక్కొచ్చారు. ఆ వేసవంతా అరుగు మీదే కూర్చుని చుట్టారు" అంది. దివిసీమలో ఉప్పెన అంటే 1977 నవంబరు 19 ఒక్కటే. ఆ మాట విన్నాక కోరును మళ్లీ చూశాను. స్టాంపింగుల (కోరులో పేర్చిన పలుచని ఇనుప రేకుల) అంచుల్లో ఈ చట్రానికి ఏ అవసరమూ లేని పాత బోల్టు రంధ్రాలు సగానికి తెగి ఉన్నాయి. పెద్ద రేకులను కత్తిరించి పేర్చారన్నమాట.

ఇక అసలు చిక్కు ఆ మూడు కొసలు. బందరులో మోటార్లు రీవైండింగ్ చేసే పెద్దాయన ఒకరు దారి చూపించారు. కరెంటు ఇవ్వవలసిన వైపు ఏమీ ఇవ్వకుండా, వెల్డింగ్ రాడ్డును పట్టుకునే హోల్డరు వైపు 12 వోల్టుల ఏసీ ఇచ్చి, ఆ మూడు కొసల మధ్య కొలవమన్నారు. ఇలా తిప్పి ఇచ్చినప్పుడు అవతల వోల్టేజి పెరుగుతుంది కాబట్టి చేతులు తగలనీయకూడదు. మొదటి రెండింటి మధ్య 42 వోల్టులు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య 76 వచ్చాయి. 42కు 76 ఎంతో, 230కి 415 సుమారుగా అంతే. అంటే మొదటి జత ఇంటి సింగిల్ ఫేజుకు, రెండోది రెండు ఫేజులకు. ఎటు ఇచ్చినా హోల్డరు దగ్గర 65 వోల్టులు వస్తాయని లెక్క తేలింది. 415ను పొరపాటున మొదటి జతకు ఇచ్చి ఉంటే కోరు భరించలేక వైండింగు అక్కడికక్కడే మాడిపోయేది.

చుట్లు ఎన్ని ఉన్నాయో విప్పకుండానే తెలుసుకున్నాం. కరెంటు ఆపి, వైండింగు మీదుగానే పది చుట్లు మామూలు వైరు చుట్టి, తరువాత కరెంటు ఇచ్చి ఆ వైరు కొసల్లో కొలిస్తే 12.5 వోల్టులు చూపించింది. అంటే చుట్టుకు 1.25 వోల్టులు. ఆ లెక్కన హోల్డరు వైపు 52 చుట్లు, 415 వైపు 332. కోరు కాలు ఏడు సెంటీమీటర్లు వెడల్పు, ఏడు మందం. ఆ కొలతకు చుట్టుకు ఇన్ని వోల్టులు ఎంతో నిదానమైన లెక్క. చుట్టినవారు ఇనుమును దాని శక్తికి మించి వాడుకోలేదు.

చట్రంలో రెండో కోరు ఎందుకున్నదో నాకు వారం రోజులు అర్థం కాలేదు. చిన్నది, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో టేకు చెక్క ముక్క. ఆరు ఇత్తడి బోల్టుల తీగలన్నీ దానిలోకే వెళ్తున్నాయి. అది చోకు. రాడ్డు అంటుకోవడానికి 65 వోల్టులు కావాలి, అంటుకున్నాక ఆర్కుకు, అంటే రాడ్డుకూ ఇనుముకూ మధ్య నిలిచే మంటకు, 24 చాలు. మిగిలినదాన్ని ఎవరో ఒకరు పట్టి ఉంచకపోతే రాడ్డు ఇనుముకు అతుక్కోగానే వందల ఆంపియర్లు దూసుకుపోతాయి. ఆ పని చోకుది. బోల్టు మార్చినప్పుడు చోకు చుట్లు మాత్రమే మారతాయి, 65 వోల్టులు అలాగే ఉంటాయి. అందుకే అన్నిటికంటే తక్కువ కరెంటు మీద కూడా రాడ్డు మొండికేయకుండా వెలుగుతుంది. ఈ ఒక్క గుణం కోసమే ఈ మిషన్‌ను వదులుకోలేకపోతున్నాను. తీగను తెంపకుండానే కరెంటు కొలిచే టంగ్ టెస్టరుతో చూస్తే ఆరు బోల్టులూ 70, 85, 105, 125, 150, 180 ఆంపియర్ల దగ్గర నిలిచాయి. మూడో బోల్టు మరలు మిగతావాటికంటే ఎక్కువ అరిగి ఉన్నాయి. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు సరిపోయేది అదే.

వాడకానికి ముందు చేసిన పనులు చెప్పకపోతే తప్పవుతుంది. ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గరు పెడితే అర మెగా ఓమ్ కూడా లేదు. మిషన్‌ను పెట్టెతో మూసి లోపల వంద వాట్ల బల్బు వెలిగించి నాలుగు రోజులు ఆరబెట్టాం. 20 మెగా ఓమ్‌లు దాటాకే వార్నిష్ పోయించాం. మొదటిసారి 415 ఇచ్చినప్పుడు రెండు 200 వాట్ల బల్బులను సీరీస్‌లో పెట్టాం. క్షణం మెరిసి, తరువాత తీగలు ఎర్రగా కనీకనిపించకుండా నిలిచాయి. లోపల షార్టు ఉంటే నిండుగా వెలిగేవి. చోకు తీగలకు చుట్టిన తెల్లని తాడు ఆస్‌బెస్టాస్. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కాబట్టి మాస్కు పెట్టుకుని, నీళ్లతో బాగా తడిపి, తడిగానే తీసి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టాం. దాని స్థానంలో ఫైబర్ గ్లాస్ స్లీవు వేశాం. పాత రోజుల అలవాటు ప్రకారం వెల్డింగ్ కొస ఒకటి చట్రానికే కలిపి ఉంది. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే 415 నేరుగా పనిముక్క మీదికి వచ్చే దారి అది. ఆ కొసను విడదీసి, చట్రానికి వేరుగా ఎర్త్ వేశాం.

పనితనం సంగతి. అయిదు మిల్లీమీటర్లు, అంతకంటే మందపు ఇనుము మీద 6013 రాడ్డుతో దీని పట్టు గొప్పగా ఉంటుంది. కాలువలకు నీళ్లు వదిలే రోజుల్లో ఒక్కసారిగా పని మీద పడుతుంది. విరిగిన పట్టీలతో దమ్ము చక్రాలు వరుసగా వస్తాయి. నాలుగో బోల్టు మీద, బురద గీకిన పాత ఇనుము మీద కూడా ఇనుము కరిగి గుంట నిండుతుంది. చల్లారాక పైన గట్టిపడిన మడ్డిని (స్లాగును) చిప్పింగ్ సుత్తితో ఒక్కసారి తడితే పెంకులా ఊడి వస్తుంది. అలా కట్టిన చక్రాలు రెండు, మూడు దమ్ములు తట్టుకుని తిరుగుతున్నాయి. తక్కువ హైడ్రోజన్ 7018 రాడ్డు మాత్రం దీని మీద నిలవదు, మాటిమాటికీ ఆరిపోతుంది. దానికి 70 వోల్టులైనా కావాలి. పదహారు గేజి పైపుతో గేట్లు చేసేవారికి ఇది పనికిరాదు, చిల్లులు పడతాయి. ఆ పనికి నేను చిన్న ఇన్వర్టరు మిషన్ కొన్నాను.

రెండో ఏడాది మూడో బోల్టు దగ్గర వాసన వచ్చి పొగ లేచింది. బ్లేడుతో గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. వార్నిష్ కింద రాగి పట్టీ అనుకున్నది అల్యూమినియం. ఇత్తడితో కలిసిన చోట తుప్పు పట్టి, జాయింటు వదులై కాలింది. రెండు లోహాల లగ్గులు (తీగ కొసకు బిగించే బిళ్లలు) వేశాక మళ్లీ ఆ బాధ లేదు. ఇప్పటికీ పంటకొకసారి ఆ ఆరింటినీ స్పానరుతో బిగిస్తాను. నాలుగో ఏడాది రొద భరించలేనంత పెరిగింది. చోకు సందులోని టేకు ముక్క ఎండి కుంచించుకుపోయింది. అదే మందం బేకలైటు దిగగొట్టగానే తగ్గింది.

కరెంటు విషయంలో ఇది పొదుపు మిషన్ అనలేను. 105 ఆంపియర్ల దగ్గర ఆర్కులో పడేది రెండున్నర కిలోవాట్లే అయినా, రెండు ఫేజుల మీద 16 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అదే ఇంటి సింగిల్ ఫేజుకు ఇస్తే 30 దాటుతుంది, ఇంటి వైరు దానికి చాలదు. అందుకే నేను ఆ కొసకు టోపీ బిగించి మూసేశాను. వానలో, తడి నేల మీద దీన్ని అసలు తీయను. ఆర్కు లేనప్పుడు కూడా హోల్డరులో 65 వోల్టులు ఉంటాయి, తడి చేతికి అవి తక్కువేమీ కావు. ఎక్కువ వేడెక్కితే దానంతటది ఆగే ఏర్పాటు కూడా లేదు. 150 మీద పని చేస్తే పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే, మిగతా ఆరూ విశ్రాంతి.

నిరుడు ఒక ఇత్తడి రేకు కోసి, అక్షరాల పంచీలతో కొట్టి చట్రానికి రివిట్లు వేశాను. పెదనాన్న పేరు, 1978, మొదటి–మూడో కొస 415 వోల్టులు, మొదటి–రెండో కొస 230, ఆరు బోల్టుల ఆంపియర్లు. కింద ఇంకో వరుస: పట్టీ అల్యూమినియం, బోల్టులు బిగించండి.