సర్వర్‌లో డిస్కు ఖాళీ చూడడానికి ఏది మేలు: గ్రాఫికల్ టూలా, కమాండ్ లైనా?

డిస్కు నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చినప్పుడు సర్వర్‌ను చూసుకునేవారికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎంత ఖాళీ మిగిలిందన్నది మొదటిది, నిండిన స్థలాన్ని ఏ ఫైళ్లు ఆక్రమించాయన్నది రెండవది. ఏ టూలు మేలన్న వాదన తరచుగా ఎటూ తేలకపోవడానికి కారణం, ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా చూడడమే.

మొదటి ప్రశ్న విషయంలో కమాండ్ లైనుకు పోటీయే లేదు. డీఎఫ్ కమాండ్ ఏ ఫైలునూ వెతకదు. ఫైల్ సిస్టమ్ ముందే రాసిపెట్టుకున్న లెక్కను అడిగి తెస్తుంది కనుక, డిస్కు ఎన్ని టెరాబైట్లదైనా జవాబు క్షణంలో వస్తుంది. దానికి ‘ఐ’ ఆప్షన్ చేరిస్తే ఐనోడ్ల (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదుల) లెక్క కూడా తెలుస్తుంది. సగం స్థలం ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు రాయడం కుదరకపోతే, లక్షలకొద్దీ చిన్న ఫైళ్లు చేరి ఐనోడ్లను ఖర్చు చేశాయేమోనని అనుమానించాలి. సైజును బట్టి బొమ్మ గీసే టూలులో అటువంటి చిన్న ఫైళ్లు కంటికి ఆనవు.

రెండవ ప్రశ్న దగ్గర మాత్రం గ్రాఫికల్ టూళ్ల బలాన్ని ఒప్పుకోవలసిందే. 1990లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 14 మంది కలిసి వాడుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయినప్పుడు, స్థలం ఎవరి ఫైళ్లకు పోతోందో చూడడానికి అక్కడి కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బెన్ ష్నైడర్‌మన్ ట్రీమ్యాప్ అనే పద్ధతిని ఆలోచించారు. సైజును బట్టి చిన్నా పెద్దా దీర్ఘచతురస్రాలు గీసే ఆ పద్ధతినే విన్‌డిర్‌స్టాట్, క్యూడిర్‌స్టాట్ వంటివి నేటికీ వాడుతున్నాయి. ఫైల్‌లైట్ అదే సమాచారాన్ని ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలలో చూపుతుంది. ఎక్కడో అయిదారు ఫోల్డర్ల లోపల మరచిపోయిన పాత బ్యాకప్ ఫైలు ఒక్కో ఫోల్డరు సైజును కూడి చెప్పే డీయూ కమాండ్ ఇచ్చే వందల వరుసలలో కలిసిపోవచ్చు గాని, బొమ్మలో పెద్ద గడిగా వెంటనే కనిపిస్తుంది.

అయితే ఆ బొమ్మను సర్వర్ మీద గీయించడమే కష్టం. చాలా లినక్స్ సర్వర్లలో డెస్క్‌టాప్ ఉండదు, నిండిన డిస్కు మీద కొత్త ప్యాకేజీలు ఎక్కించడానికి చోటూ ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా అక్కడి ప్రోగ్రామ్ కిటికీని, అంటే ఎక్స్ విండోను, మన కంప్యూటర్‌కు రప్పించుకుందామంటే, ఆ ఏర్పాటుకు హోమ్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు రాయవలసి ఉంటుంది. చోటు లేక అది కూడా విఫలం కావచ్చు. అన్ని ఫోల్డర్లూ కనిపించాలంటే రూట్ అధికారం (సర్వర్ మీద సర్వాధికారం) కావాలి, గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ను రూట్‌గా నడపడం మంచి అలవాటు కాదు. విండోస్ సర్వర్ సంగతి వేరు: డెస్క్‌టాప్‌తో కూడిన సర్వర్‌లో విజ్‌ట్రీ అనే టూలు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) మాస్టర్ ఫైల్ టేబుల్‌ను, అంటే ఫైళ్లన్నిటి జాబితాను, నేరుగా చదువుతుంది కనుక, అక్కడ గ్రాఫికల్ టూలే వేగవంతం.

సైజు లెక్కగట్టే రెండు రకాల టూళ్లకూ అందని చిక్కు ఒకటుంది. ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన లాగ్ ఫైలును తొలగిస్తే దాని పేరు పోతుంది గాని, ఆ ప్రోగ్రామ్ దానిని మూసేవరకు స్థలం తిరిగి రాదు. అప్పుడు డీఎఫ్ నిండిందని చెబుతుంది, డీయూ లెక్క మాత్రం తక్కువగా వస్తుంది. ఫైళ్లను పేర్లతో వెతికే ఏ గ్రాఫికల్ టూలైనా డీయూ చూపినంతే చూపగలదు. ఆ ఫైలును పట్టివ్వగలిగేది తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్, అదీ టెర్మినల్‌లోనే.

అందువల్ల లినక్స్ సర్వర్‌కు నా ఓటు కమాండ్ లైనుకే. ముందు డీఎఫ్, ఆ తరువాత ఎన్‌సీడీయూ. ఈ రెండవది టెర్మినల్‌లోనే నడుస్తూ, ఫోల్డర్లను సైజు వారీగా పేర్చి, బాణం మీటలతో లోపలికి వెళ్లనిస్తుంది కనుక గ్రాఫికల్ టూలు ఇచ్చే సౌకర్యంలో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది. ‘ఎక్స్’ ఆప్షన్ ఇవ్వడం మరవకూడదు. లేకపోతే మౌంట్ చేసిన (ఫోల్డర్లుగా తగిలించిన) ఇతర డిస్కులను కూడా లెక్కలో కలిపేస్తుంది. బొమ్మ కావాలనుకునేవారికి క్యూడిర్‌స్టాట్‌తో వచ్చే చిన్న పెర్ల్ స్క్రిప్ట్ ఉంది. దానిని సర్వర్‌లో నడిపి, అది రాసిచ్చిన ఫైలును సొంత కంప్యూటర్‌లో తెరిచి తీరికగా చూడవచ్చు. ఆ ఫైలును మాత్రం నిండిన డిస్కు మీద కాక, ఖాళీ ఉన్న వేరే డిస్కు మీద రాయించాలి.