బెంగళూరు మారతహళ్లిలో డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు ఒక్కసారి చదవండి

మారతహళ్లి బ్రిడ్జి దగ్గర పీజీల్లో ఉండే మనవాళ్లకి ఆ ఆఫీసు ఏదో చెప్పక్కర్లేదు. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారు, అందుకే రాయట్లేదు.

బీటెక్ అయిపోయింది, ఫ్రెషర్ అంటే ఎవరూ పిలవట్లేదు. "రియల్ టైమ్ ప్రాజెక్టు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ గ్యారంటీ" అన్నారు. స్టైపెండ్ లేదు. పైగా 15,000 డిపాజిట్, చివర్లో తిరిగిస్తారట. నాన్న పంపించారు, కట్టాను.

జీతం లేదని నాకు బాధ లేదు. ఒక సీనియర్ పక్కన కూర్చుని, నేను రాసిన కోడ్ చూసి, ఎక్కడ తప్పో చెప్తే ఊరికే చేసినా లాభమే. ఇక్కడ చూసే దిక్కే లేదు. మా "ట్రైనర్" మా ముందు బ్యాచ్ కుర్రాడు, అతనికీ జీతం లేదు! ఒక ఫర్నిచర్ షాపు వెబ్‌సైట్ మొత్తం మాచేత చేయించి, షాపతని దగ్గర బిల్లు మాత్రం వాళ్లు వసూలు చేసుకున్నారు. పని మాది, ఫీజూ మాదే, డబ్బు వాళ్లది. ఇంత గొప్ప వ్యాపారం నాకెందుకు తట్టలేదో.

నిన్న లెటరూ డిపాజిట్టూ అడుగుదామని వెళ్లాను. రిసెప్షన్‌లో కొత్త బ్యానర్ పెట్టారు. "మా దగ్గర ప్లేస్ అయిన విద్యార్థులు". అందులో నా ఫోటో! కింద ప్యాకేజీ 4.2 లక్షలు అని కూడా వేశారు. నాకు ఉద్యోగం వచ్చిన సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట.

ఇదేంటని హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే, "పాజిటివ్‌గా తీసుకో తమ్ముడూ, రేపైనా వచ్చేదేగా" అని నవ్వింది. మన తెలుగావిడే. డిపాజిట్ మాట ఎత్తగానే రసీదు చూసుకోమంది. చూస్తే "ట్రైనింగ్ ఫీజు, నాన్ రిఫండబుల్" అని ఉంది. ఇక లెటర్ కావాలంటే ఇంకో 8,000 కట్టాలట.

అప్పుడే అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన కూతురితో అక్కడ కూర్చుని ఆ బ్యానరే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయి, "అంకుల్, ఆ ఫోటో నాదే, నాకు ఏ ఉద్యోగమూ రాలేదు" అన్నాను. అంతే, తమ్ముడు కాస్తా "ఎవర్రా నువ్వు, సెక్యూరిటీ!" అయిపోయాడు. చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తోసేశారు. ఆ అంకుల్ కట్టారో లేదో తెలీదు. కట్టకపోతే నా డబ్బుకి ఆ మాత్రం ఫలితమైనా దక్కినట్టే.

సరే, చెప్పాల్సింది చెప్తాను. పని చేసేవాడి దగ్గరే డబ్బు అడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు, కోచింగ్ సెంటర్. కేంద్రం నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో అప్రెంటిస్ ఖాళీలు ఉంటాయి, చూడండి. అక్కడ స్టైపెండ్ చట్టప్రకారం ఇవ్వాల్సిందే, డిగ్రీ వాళ్లకి నెలకి కనీసం 9,000 అని 2019 రూల్స్‌లోనే పెట్టారు. ఎక్కడైనా డబ్బు కట్టక తప్పకపోతే రసీదులో ఏం రాశారో చదివాకే యూపీఐ కొట్టండి.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఈరోజు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. అదే ఆఫీసులో కట్టినవాళ్లు ఇంకా ఉంటే రసీదు, పేమెంట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి. బ్యానర్‌లో మీ ఫోటో ఉందేమో కూడా చూసుకోండి, మీకూ ఉద్యోగం వచ్చేసి ఉంటుంది.