ఎల్ఐసీ ఏఏఓ పరీక్షకు హైదరాబాద్‌లో తయారీ: కోచింగ్, మాక్ టెస్టులు, మెటీరియల్ వాడి చూశాక

బీమా పరీక్షలకు ప్రత్యేక శిక్షణ అన్న పేరుతో హైదరాబాద్‌లో నాకు దొరికినదాంట్లో ముప్పాతిక భాగం బ్యాంకు కోచింగే. అమీర్‌పేటలో మెట్రో దిగి తలెత్తితే మేడమేడకూ ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. ఐబీపీఎస్, ఎస్‌బీఐ అని పెద్ద అక్షరాల్లో రాసి, మూలన ఎక్కడో ఎల్ఐసీ అని తగిలిస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అదే వరస. ఎల్ఐసీలో అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, అంటే అందరూ ఏఏఓ అనే ఉద్యోగం కోసం 2023 జనవరి నోటిఫికేషన్ నుంచి 2025 ఆగస్టు నోటిఫికేషన్ దాకా క్లాసులు, యాప్‌లు, పుస్తకాలు, గ్రంథాలయం అన్నీ వాడాను. వీటిలో ఏది పెట్టిన డబ్బుకు తగినదో, ఏది కాదో మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

ముందు కోచింగ్ సంగతి. నేను చేరిన సంస్థ పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు; పక్క మేడలో చేరిన మిత్రుల అనుభవమూ ఇంతే. అరిథ్‌మెటిక్, రీజనింగ్ చెప్పిన మాస్టార్లకు మాత్రం వంక పెట్టలేను. డిగ్రీలో లెక్కల మొహం చూడని నాలాంటివాడి చేత శాతాలు, నిష్పత్తులు, చక్రవడ్డీ కాగితం ముట్టకుండా చేయించారు. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్న పజిల్‌లో ఎవరిని ముందు కూర్చోబెట్టాలో, ఏ వాక్యాన్ని చివరికి వదలాలో బోర్డు మీద చూపిస్తుంటే ముచ్చటేసేది. ఆ మేరకు ఫీజు గిట్టుబాటైనట్టే.

తకరారు అంతా తర్వాతే. "సార్, ఇన్సూరెన్స్ క్లాసు ఎప్పుడు?" అని అడిగితే "అది చదువుకుంటే వచ్చేదే కదమ్మా, పీడీఎఫ్ ఇస్తాం" అని నవ్వేసేవారు. ఈ మాటలోనే ఏఏఓ పరీక్షను వాళ్లు ఎంత పైపైన చూశారో తెలిసిపోతుంది. మెయిన్స్‌లో రీజనింగ్ 30 ప్రశ్నలు, 90 మార్కులు, 40 నిమిషాలు. డేటా అనాలిసిస్ కూడా అంతే. జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్ కలిపి 30 ప్రశ్నలు, 60 మార్కులు, 20 నిమిషాలు. బీమా, ఆర్థిక మార్కెట్ల అవగాహన కూడా సరిగ్గా అంతే. లెక్క వేసి చూడండి: రీజనింగ్‌లో నిమిషానికి రెండుంపావు మార్కులు, బీమా పేపర్‌లో నిమిషానికి మూడు. పైగా తెలిసిన ప్రశ్నకు పది సెకన్లు చాలు. మొత్తం 300 మార్కుల్లో 60 తెచ్చే ఈ విభాగాన్ని మా బ్యాచ్‌లో చివరి వారానికి నెట్టి, ఒక పీడీఎఫ్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఇంగ్లిషు విషయంలో దీనికి పూర్తిగా తలకిందులు. బ్యాంకు పరీక్షల అలవాటు కొద్దీ రోజూ గంటన్నర ఇంగ్లిషు క్లాసు. ఏఏఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిషు 30 మార్కులకు ఉంటుంది కానీ, అది అర్హత కోసమే. మెయిన్స్‌కు ఎంపిక చేసేది మిగిలిన 70 మార్కులను చూసే. ఒక్కో విభాగానికి 20 నిమిషాలు విడిగా కేటాయిస్తారు కాబట్టి ఇంగ్లిషు తొందరగా ముగించి ఆ సమయాన్ని లెక్కలకు వాడుకునే వీలూ లేదు. కటాఫ్ దాటేంత వస్తే చాలు. ఈ ముక్క తెలియక ఇంగ్లిషులో ఘనాపాఠీలై లెక్కల్లో ఇంటిదారి పట్టినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఇక ఆ పీడీఎఫ్. రంగుల అట్ట, దాని మీద తాజా సంవత్సరం, లోపల మాత్రం పాత సరుకు. ప్రభుత్వ పథకాల పేజీ తీశాను. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన ప్రీమియం ఏడాదికి 330 రూపాయలు, సురక్షా బీమా యోజనకు 12 రూపాయలు అని ఉంది. 2022 జూన్ 1 నుంచే అవి 436, 20 అయ్యాయి. మార్చిన విషయం బ్యాంకు ఖాతాలోంచి ప్రీమియం కోత పడే ప్రతి ఇంటికీ తెలుసు, మెటీరియల్ రాసినవారికి తప్ప. అదే పేజీలో కింద బీమా సంస్థల్లో విదేశీ పెట్టుబడుల పరిమితి 49 శాతం అని ఉంది. 2021లోనే అది 74 అయింది, 2025 బడ్జెట్‌లో 100 శాతానికి పెంచుతామని ప్రకటించారు. మూడో పేజీలో బీమా నియంత్రణ సంస్థ చిరునామా ఇంకా బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్! ఐఆర్‌డీఏఐ ఎప్పుడో నానక్‌రామ్‌గూడకు వెళ్లిపోయింది. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ మన ఊళ్లోనే ఉంటే, మన ఊళ్లో అచ్చయిన పుస్తకానికి దాని అడ్రసు తెలియదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నిజానికి ఈ సబ్జెక్టులో చరిత్ర భాగం మారదు. 1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్, 1938 బీమా చట్టం, 245 సంస్థలను కలిపి 1956 సెప్టెంబర్ 1న ఎల్ఐసీ, 1973 జనవరి 1 నుంచి 107 సాధారణ బీమా సంస్థలు నాలుగు కంపెనీలుగా మారడం, బీమా రంగ సంస్కరణలపై మల్హోత్రా కమిటీ, నియంత్రణ సంస్థను ఏర్పరచిన 1999 చట్టం... ఇవన్నీ ఏ పుస్తకంలో చదివినా ఒకటే. మారేవి నిబంధనలు. పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చే ఫ్రీ లుక్ గడువు 15 రోజుల నుంచి 30 రోజులు అయింది. ఆరోగ్య బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బుల నిరీక్షణ కాలం గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. రెండూ 2024 నాటి మార్పులే. బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఇప్పించగల పరిహారం 30 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ సున్నా అయింది. ఆ ఏడాది ప్రిలిమ్స్ అక్టోబర్ 3న, అంటే పదకొండు రోజులకే. ఇలాంటి చోట ఏ అచ్చు పుస్తకాన్నీ నమ్మడానికి లేదు.

నాకు అక్కరకొచ్చినవి మూడు, మూడూ ఉచితమే. ఒకటి, ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదిక, దాని ప్రకటనలు. నివేదిక మొత్తం చదవనక్కర్లేదు, జీవిత బీమా, సాధారణ బీమా అధ్యాయాల్లో పట్టికలు చూస్తే చాలు. రెండోది ఐసీ-38. ఏజెంటు కావాలనుకునేవాళ్లు చదివే పుస్తకం ఇది, తెలుగులోనూ ఉంది. ఏజెంటుగా పనిచేసే మా బాబాయి తన పాత కాపీ ఇస్తూ "మీ ఆఫీసరు పరీక్షకు ఇదెందుకురా?" అన్నాడు. ఎందుకంటే బీమా హితం, నష్టపరిహార సూత్రం, అత్యంత విశ్వాసం, సామీప్య కారణం లాంటి బీమా మూలసూత్రాలను ఇంగ్లిషు నిర్వచనాలుగా బట్టీ పడితే ప్రశ్నను కాస్త తిప్పి అడగగానే తేలిపోతాం. గోదాము తగలబడిన ఉదాహరణతో తెలుగులో ఒకసారి అర్థమైతే ఇక ఎలా అడిగినా ఫర్వాలేదు. పరీక్ష ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి పదాలు మళ్లీ ఇంగ్లిషులో నేర్చుకోక తప్పదు, అది వారం పని.

మూడోది మా ఇంటి బీరువాలో దొరికింది: నాన్నగారి ఎల్ఐసీ పాలసీ బాండు. అందరూ మొదటి పేజీలో మొత్తం, గడువు చూసి మడిచిపెడతారు. వెనుక పేజీలు తిప్పితే బీమా చట్టంలోని 38, 39, 45 సెక్షన్లు ఉన్నాయి. పాలసీ హక్కును మరొకరికి బదిలీ చేయడం (అసైన్‌మెంట్), నామినేషన్, మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేకపోవడం. నామినీ పేరు మా అమ్మది, బాండు ఒకసారి ఇంటి అప్పు కోసం అసైన్ అయి తిరిగి వచ్చింది. ఆ రెండు ఎంట్రీలను పక్కపక్కన చూశాక నామినేషన్‌కూ అసైన్‌మెంట్‌కూ తేడా ఎవరు చెప్పాలి? ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. తుది జాబితాలో నా పేరు లేదు, అది వేరే విషయం.

మాక్ టెస్టుల మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. అవి లేకుండా ఈ పరీక్ష రాయవద్దని గట్టిగా చెబుతాను. 20 నిమిషాల్లో 35 లెక్కలంటే ఏమిటో ఒంటికి తెలియాలంటే గడియారం తిరుగుతున్న తెర ముందు కూర్చోవలసిందే. నేను ఏడాది చందా కట్టిన యాప్‌లో ప్రశ్నల నాణ్యత బాగుంది, డేటా ఇంటర్‌ప్రిటేషన్ అసలు పరీక్ష కంటే ఓ మెట్టు కష్టంగానే ఉండేది. కానీ స్కోరు చూస్తే ప్రతి తప్పుకూ పావు మార్కు కోత! ఏఏఓ ఆబ్జెక్టివ్ పేపర్లలో తప్పు సమాధానానికి కోత లేదు. బ్యాంకు పరీక్షల చట్రంలోనే బీమా ప్రశ్నలు పోసి అమ్మేశారన్నమాట.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నష్టం చిన్నది కాదు. కోత ఉన్న మాక్ రాస్తూ పోతే తెలియని ప్రశ్న వదిలేయడం చేతికి అలవాటైపోతుంది. గ్రంథాలయంలో నా పక్కన కూర్చునే కుర్రాడు ఒకరోజు ఫోను చూపించి "అన్నా, ఏడు వదిలేశాను, అయినా నైంటీ పర్సంటైల్" అని సంబరపడ్డాడు. అసలు పరీక్షలో ఆ ఏడింటికీ ఏదో ఒకటి పెట్టేవాడే అతన్ని దాటి వెళ్లిపోతాడు. యాప్ సంస్థకు ఫిర్యాదు రాస్తే మర్యాదగా జవాబిచ్చారు, తర్వాతి సిరీస్‌లో సరిచేశారు కూడా. ఈలోగా నా చందా గడువు తీరింది. ఏ డిగ్రీ ఉన్నా రాయగల జనరలిస్టు పోస్టులకు 2019 తర్వాత 2023లో, ఆ తర్వాత 2025లో నోటిఫికేషన్ వచ్చింది. ఇంత ఎడం ఉన్న పరీక్షకు ఏడాది చందా పెట్టడం ఎవరి బాగు కోసమో చెప్పనక్కర్లేదు. నోటిఫికేషన్ వచ్చాక మూడు నెలల ప్యాకేజీ తీసుకోండి, అంతకుముందు వద్దు.

మెయిన్స్‌లోని ఇంగ్లిషు డిస్క్రిప్టివ్ పేపర్‌ను యాప్‌లు అసలు పట్టించుకోవు. ఒక లేఖ, ఒక వ్యాసం, అరగంట, 25 మార్కులు, అర్హత కోసమే. రాయడం కాదు, కంప్యూటర్‌లో టైపు చేయడం. ఫోనులో బొటనవేళ్లతో కొట్టే వేగం అక్కడ పనికిరాదు. పరీక్ష కేంద్రం సాధారణంగా ఊరి శివార్లలోని ఏదో కాలేజీ ల్యాబు. అక్కడి కీబోర్డుల మీద అక్షరాలు సగం అరిగిపోయి ఉంటాయి, స్పేస్ బార్‌ను గట్టిగా నొక్కితే తప్ప కదలదు. ఐదారు వందలు పెట్టి మామూలు కీబోర్డు ఒకటి కొని, దాని మీద రోజూ ఒక పేజీ కొట్టాను. ఈ తయారీలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అదే సద్వినియోగమైంది.

చదువుకునే చోటు గురించి రెండు మాటలు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం గ్రూప్స్ అభ్యర్థుల కోట. పొద్దున్నే వెళ్లకపోతే లోపల కుర్చీ దొరకదు, ఆవరణలో చెట్ల కింద సర్దుకోవాలి. పత్రికలన్నీ దొరుకుతాయి, కరెంట్ అఫైర్స్‌కు అది చాలు. బీమా పుస్తకాలు మాత్రం నాకు దొరకలేదు. అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో ఏసీ, వైఫై, నిశ్శబ్దం అన్నీ ఉంటాయి, నెలకు డబ్బు కట్టాలి. మాక్ రాసే రోజులకు స్టడీ హాలు, చదివే రోజులకు గ్రంథాలయం. నాకు అలా కుదిరింది.

ఎవరికి ఈ పరీక్ష? 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండి, ఏ డిగ్రీ అయినా ఉంటే రాయవచ్చు. రిజర్వేషన్ ఉన్నవారికి వయసులో సడలింపు ఉంది. 2025 ప్రకటనలో మూల వేతనమే 88,635 రూపాయలు, కాబట్టి పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. కానీ దీన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే వయసు కరిగిపోతుంది. న్యూ ఇండియా అష్యూరెన్స్ లాంటి సాధారణ బీమా కంపెనీల ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) పరీక్షలకూ ఇదే చదువు దాదాపుగా సరిపోతుంది. ఒక్కటే జాగ్రత్త: అక్కడ తప్పుకు పావు మార్కు కోత నిజంగానే ఉంటుంది, ప్రిలిమ్స్‌లో ఇంగ్లిషు మార్కులూ కలుస్తాయి. ఎల్ఐసీ కోసం అన్నిటికీ ఏదో ఒక జవాబు పెట్టేసే అలవాటు చేసుకున్నవాళ్లు ఏఓ పరీక్షకు నెల ముందు నుంచే కోత ఉన్న మాక్‌లకు మారాలి. నన్ను విసిగించిన ఆ పాత సిరీస్ అప్పుడు బాగానే పనికొస్తుంది.